మా పొదుపు సంఘానికి టై కట్టారు

2025 జనవరి 6, సోమవారం

సంఘానికి కొత్త మేనేజరు వచ్చాడు. శ్రీకృష్ణ. గుంటూరులో ఏదో ప్రైవేటు బ్యాంకులో చేశాడట. దర్శిలో వెలిసిన ఫైనాన్స్ కంపెనీతో పోటీ పడాలంటే మన కల్చర్ మారాలట. ఇకమీదట సభ్యులు అనకూడదు, కస్టమర్లు అనాలట. బోర్డులో అందరూ తలలూపారు. అధ్యక్షురాలిని కదా, నేనూ ఊపాను. కొత్త ఏసీ చల్లగా ఉంది.

జనవరి 20

మా వసూలు పిల్ల తేజశ్రీకి రేటింగ్ ‘పూర్’ అట. మిరప కల్లాల్లో ఆడవాళ్ళ పక్కన కూర్చుని, తనూ రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ పొదుపు కట్టించుకుంటుంది. అప్పు కావలసినవాళ్ళు అక్కడే, అందరిలో అడగాలి. పక్కవాళ్ళు ‘ఇవ్వొచ్చు’ అనాలి. మొదట్నుంచీ మా పద్ధతి అదే. కల్లానికో గంటన్నర వేస్ట్ అన్నాడు శ్రీకృష్ణ. ఆ గంటన్నరే సంఘం నాయనా అన్నాను. పాయింట్ నోటెడ్ అన్నాడు.

జనవరి 31

తేజశ్రీని తీసేశారు. నేనొక్కదాన్నే వద్దన్నాను. మినిట్స్‌లో ఏకగ్రీవం అని రాసుకున్నారు.

ఫిబ్రవరి 14

ఖుర్షిదా వచ్చి కడిగేసింది. సంఘం పెట్టిన రోజున నాతోపాటు చేరిన మనిషి. బోరు మోటారు కాలిపోయింది, చేను వడలిపోతోంది. అప్పుకి వెళ్తే టోకెన్ ఇచ్చి కూర్చోబెట్టారట. చివరికి కంప్యూటర్లో స్కోరు చాల్లేదన్నారట. ఊళ్ళో నేనెవరో తెలియంది ఆ డబ్బాకొక్కదానికే అని అరిచింది. ఇంతకీ నీ సంఘంలో నేనెవర్ని వదినా అంది. కస్టమర్‌వి అనడానికి నోరు రాలేదు.

శ్రీకృష్ణని అడిగాను. పాలసీ మేడమ్ అన్నాడు. పాపం, మర్యాదగానే అన్నాడు.

ఫిబ్రవరి 22

ఖుర్షిదాకి నచ్చజెబుదామని కల్లానికి వెళ్ళాను. పట్టా మీద ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని తాలు ఏరుతున్నారు. మధ్యలో తేజశ్రీ! ఫైనాన్స్ కంపెనీ పిలిచి ఉద్యోగం ఇచ్చిందట. సంఘంలో ఎలా చేసేదానివో అలాగే చెయ్యమ్మా అన్నారట.

ఖుర్షిదా అప్పడిగింది. పక్కనున్న కరీమున్ ఇవ్వొచ్చంది. బసవమ్మ ఇవ్వొచ్చంది.

వాళ్ళ వడ్డీ మాదానికి రెట్టింపు కదే అన్నాను. ఉంటే ఉండనివ్వండి పంతులమ్మగారూ, మీ ఏసీ కరెంటు బిల్లు మాత్రం ఎవరు కడుతున్నారేంటి అంది బసవమ్మ. అందరూ పగలబడి నవ్వారు. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, ఓ తాలుకాయ ఏరి పక్కన పడేశాను.

మేం వాళ్ళ టై కట్టుకునేలోపు వాళ్ళు మా చీర కట్టుకుపోయారు.

మార్చి 3

ఖుర్షిదా రాజీనామా మీద సంతకం పెట్టాను. తర్వాత బసవమ్మది. తర్వాత చదవడం మానేసి పెడుతూ పోయాను. బయట క్యూ చూసి ఫుట్‌ఫాల్ పెరిగింది, జనం బాగా వస్తున్నారు మేడమ్ అన్నాడు శ్రీకృష్ణ. జోక్ అనుకున్నాను. కాదు.

మార్చి 15, శనివారం

కంపెనీ మీటింగులకి మా వసారా ఇమ్మని నిన్న తేజశ్రీ అడిగింది. అద్దె ఇస్తారట. అద్దె వద్దన్నాను. పొద్దున్నే ఊడ్చి నీళ్ళు చల్లాను.

ఇప్పుడు లోపల తలుపేసుకుని కూర్చున్నాను. వసారా మా పాత సభ్యులతో నిండిపోయింది.