సొంబారి వండిన వంట

ఒరిస్సా రాష్ట్రం కోరాపుట్ జిల్లా సెమిలిగుడ సంత వీధిలో కాపురముంటున్న కృష్ణవేణమ్మ అనే నేను, కీర్తిశేషులు గోవిందరాజులు గారి భార్యను, వయస్సు అరవై మూడు, శాకాహార భోజనశాల నడుపుకుంటూ జీవిస్తున్నదానను, పూర్తి తెలివితో, ఒకరి బలవంతం గాని ప్రలోభం గాని లేకుండా చెప్పి రాయించిన వీలునామా ఇది. మోకాళ్లు నా మాట వినడం మానేశాయి గాని జ్ఞాపకం ఇంకా వింటోంది. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా భోజనశాలలో పదకొండేళ్లుగా భోంచేస్తున్న ఉపాధ్యాయులు ఉమాపతి గారికి అప్పగిస్తున్నాను.

1. నాకు సంతానం లేదు. 1967లో మా వారు జ్వరంతో పోయినప్పుడు మరిది భీమారావు సాలూరు నుంచి వచ్చి, “మా ఇంటికొచ్చీ వదినా, వంట సేసుకుంటూ ఓ మూల కూకుందువు గాని” అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అనలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. వెళ్లనన్నందుకు నాలుగేళ్లు నాతో మాట్లాడలేదు. అదీ మర్చిపోయాను, లేదా దాదాపు మర్చిపోయాను. అతనికి ఆస్తిలో భాగమేమీ లేదు. బతికున్నంత కాలం ఎప్పుడు వచ్చినా మా భోజనశాలలో అందరి వరసలో కూర్చుని కడుపునిండా తినే హక్కు ఇస్తున్నాను.

2. అతని కూతురు రాజ్యానికి నా రెండు బంగారు గాజులు. ఒక్క షరతు ఉంది. గాజులు తీసుకునే ముందు ఆ పిల్ల వారం రోజులు ఇక్కడ ఉండి, సొంబారి పక్కన పీట వేసుకుని కూర్చుని, ఒక్క వంటయినా నేర్చుకోవాలి.

3. సొంబారి ఎవరో చెప్పాలి. మా వారు పోయిన కొత్తలో, పక్కనే సునాబెడలో విమాన ఇంజన్ల కార్ఖానా కడుతున్న రోజులవి. ఇంటి భోజనానికి మొహం వాచిపోయిన మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లను నమ్ముకుని, అప్పట్లో అద్దెకున్న ఈ రెండు గదుల్లో ముందుదాంట్లో పీటలు వేశాను. నాకు వచ్చినవి పప్పు, చారు, రెండు కూరలు. నెల తిరిగేసరికి సగం పీటలు ఖాళీ అయ్యాయి. నందపూర్ వైపు కొండ మీది ఊరి నుంచి సంతకు కూరలు తెచ్చే దేశియా గిరిజన మనిషి సొంబారి. ఒక సంతనాడు అమ్ముడుపోని లేత వెదురు మొలకలు నా గుమ్మంలో దించింది. నాకు వండడం రాదన్నాను. తనే కొంగు బిగించింది. మొలకలు సన్నగా తరిగి, రెండుసార్లు ఉడికించి ఆ నీళ్లు పారబోసి, వలిసెలనే నల్లటి నూనెగింజలు వేయించి నూరి కలిపి పులుసు పెట్టింది. పక్కన చోడిపిండి, అదే రాగిపిండి, సంకటి. ఆ పూట పెద్దబ్బాయి అనే ఫిట్టరు మూడుసార్లు అడిగి వడ్డించుకున్నాడు. మర్నాటి నుంచి సొంబారి నా వంటింట్లోనే ఉంది. ఆమె వండిందంటే మనవాళ్లు తినరేమోనని భయపడి, వండేది నేనేనని అందరికీ చెప్పాను. నిజమేమిటంటే, నా పీటలు నింపింది ఆమె.

4. నా సన్నికల్లు మా ఊరి ఆసుపత్రి కాంపౌండరు గారి భార్య మాలతికి. ఆమెది తూర్పు బెంగాలు. దేశం విడిపోయాక అన్నీ వదిలేసి ఇటు వచ్చినవాళ్లు. విధవరాలైన వాళ్ల అత్తగారు ఉల్లిపాయ కూడా ముట్టక, సొరకాయ తొక్కలు, అరటి దూట, గసగసాలతో ఇంటిల్లిపాదీ పోటీపడి తినే కూరలు చేసేదట. ఆ తొక్కల వేపుడు మాలతి నాకు నేర్పింది. అంతవరకు నేను విధవరాలి తిండిని శిక్షగానే తిన్నాను. ఆమె పుణ్యమా అని మళ్లీ ఆకలితో తిన్నాను.

5. నా గూట్లో ఉన్న రంగుల కొయ్యగరిటె నాది కాదు. కార్ఖానాకు వచ్చిన రష్యా ఇంజినీరు భార్య నీనా ఊరు వెళ్లిపోతూ దాన్ని సొంబారికి ఇచ్చింది. నేను తీసి దాచుకున్నాను. సొంబారికి ఇచ్చేయాలి. నీనా వాళ్ల అమ్మమ్మ ఈస్టర్ పండుగకు ముందు ఏడు వారాలు మాంసం, పాలు ముట్టేది కాదట. ఆ రోజులు వచ్చినప్పుడు నీనా మా పెరటి గుమ్మం నుంచి వంటింట్లోకి వచ్చేది. బీట్‌రూట్, క్యాబేజీ పులుసు పెట్టడం చూపించింది. తమ దేశపు గింజ దొరకలేదని దిగులుపడితే సొంబారి సామలు ఉడికించి పెట్టింది. ఇద్దరికీ కలిసిన భాష ఒక్క ముక్క లేదు. గంటలకొద్దీ నవ్వుకునేవారు. వండేదెవరో తెలిసిన బయటి మనిషి ఆమె ఒక్కతే.

6. 1974లో కార్ఖానా టౌన్‌షిప్ క్లబ్బులో దేశదేశాల వంటల పోటీ పెట్టారు. మాంసం, చేప, గుడ్డు, పాలు, నెయ్యి ఏవీ తగలకూడదని నియమం. నీనా ఎర్రటి పులుసు తెచ్చింది, మాలతి తొక్కల వేపుడు తెచ్చింది. నా పేరున వెదురు మొలకల పులుసు, సంకటి వెళ్లాయి. మొదటి బహుమతి వెండిపూత కంచం నాకిచ్చారు. ఎక్కడ నేర్చుకున్నారని పెద్దలు అడిగితే, మా అమ్మ దగ్గర అన్నాను. నీనా తల దించుకుంది. సొంబారి గుమ్మం దగ్గర గిన్నె మూత పట్టుకుని నిలబడి ఉంది.

మర్నాడు మామూలుగానే పనికి వచ్చింది. పొయ్యి రాజేసి అంది: “కంచం నువ్వే ఉంచుకో అమ్మా. పొయ్యి నాదని ఒక్కపాలి సెప్పు, సాలు.”

నేను చెప్పలేదు. ఎనిమిదేళ్లు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

7. భోజనశాల రాబడితో కొనుక్కున్న నా స్వార్జితమైన ఈ రెండు గదుల ఇల్లు, పెరడు, భోజనశాల, గిన్నెలు, పొయ్యి, ఆ కంచం, సమస్తం నా తదనంతరం సొంబారికి సర్వహక్కులతో చెందాలి. ఆమె పేరు తెలుగులోనూ ఒడియాలోనూ రాయించి గుమ్మం మీద బోర్డు పెట్టించే పని ఉమాపతి గారిది. దీన్ని ఎవరు కాదన్నా చెల్లదు.

8. నేను పోయిన పన్నెండో రోజున బంధువులకు, సంత మనుషులకు ఒకే వంట, ఒకే వరస.

ఇంతవరకు లేఖరి రాసి చదివి వినిపించాడు. సాక్షిగా వేలిముద్ర వేయడానికి సొంబారి కూడా చెయ్యి కడుక్కుని వంటింట్లోంచి వచ్చింది. ఆస్తి పుచ్చుకునే మనిషి సాక్షిగా ఉండడం మంచిది కాదని లేఖరి చెప్పాడు. సంగతి ఆమెకు అలా తెలిసింది. వెళ్లి అరుగు మీద కూర్చుంది. నేను క్షమించమని అడిగాను. ఈ పదిహేనేళ్లూ కూర దించే ముందు ఉప్పు మాత్రం నేనే వేసేదాన్ని. వండింది నేనేనని నా మనసుకు చెప్పుకోవడానికి నాకున్న ఆధారం అదొక్కటే. సొంబారి లేచి వంటింటి గుమ్మంలో నిలబడి, “ఇయ్యాల ఉప్పు నానే ఎయ్యనా?” అని అడిగింది. వెయ్యమన్నాను.

మధ్యాహ్నం అందరితో పాటు పీట మీద కూర్చుని తిన్నాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఈ మాట కూడా రాయమని లేఖరికి చెప్పి, తిన్న చెయ్యి కడుక్కుని, సంతోషంగా సంతకం చేస్తున్నాను.

సెమిలిగుడ, 1982 నవంబరు 9, మంగళవారం.

(సంతకం) కృష్ణవేణమ్మ

సాక్షులు:
పెద్దబ్బాయి, ఫిట్టరు, సునాబెడ
సోములు, కిరాణా వర్తకుడు, సెమిలిగుడ