ఒక్క కడుపు నెత్తురు

పట్నం సత్రం,
మాఘమాసం, 1968

మా బంగారు అక్కకు, పద్మకుమారి నమస్కారాలు.

మా ఆయనకి కాలేయంలో పుట్టకురుపు, అదే క్యాన్సరు అని బావగారు చెప్పే ఉంటారు. ఇక్కడ ఆ గడ్డకి కరెంటు పెడుతున్నారు. పొట్టమీద సిరాతో గీత గీసి, పెద్ద యంత్రం కింద పడుకోబెట్టి, ఆ గీత లోపలే మాడుస్తారు. గడ్డతోపాటు మంచి కాలేయమూ కొంత దెబ్బ తింటుందట. అందుకని వారం వారం నెత్తురు పరీక్ష చేసి, మిగిలిన కాలేయానికి సత్తువ ఉందని తేలితేనే మళ్లీ పెడతారు. లేదంటే ఆపేస్తారు.

పరీక్ష బ్రహ్మాండంగా వస్తోందక్కా. మనిషి చూస్తే కుంగిపోతున్నాడు. గంజి కూడా ఇమడటం లేదు. వాంతులు మామూలేనని నర్సులు అంటారు. మామూలు కాదని నా మనసు కొట్టుకుంటోంది. ఎవరితో చెప్పుకోను? ఈ ఉదయం కళ్లు పచ్చగా కనిపించాయి. ఉండబట్టలేక డాక్టరుగారిని అడిగేశాను. "ఏటి బాబూ, నెత్తురు బాగుంటే మనిషి ఇలాగైపోతన్నాడేటి?" ఆయన కళ్లరెప్పలు విప్పి చూసి, "రేపు నెత్తురు నేనే తీస్తానమ్మా" అన్నారు.

దేవుడికి చెప్పుకో అక్కా. నాకు మొక్కడానికి కూడా ఓపిక లేదు.

నీ పద్మ

* * *

అక్కా,

ఇంక ఆశ లేదు. డాక్టరుగారు మంచం దగ్గరే నెత్తురు తీశారు. ఫలితం చూసి నన్ను పక్కకి పిలిచారు. కాలేయం ఎప్పుడో చేతులెత్తేసిందట, కరెంటు ఇంకా ముందే ఆపాల్సిందట. "ఇన్నాళ్లూ ఎవరి నెత్తురు చూశామమ్మా?" అన్నారు.

వారం వారం పరీక్ష చీటీ మా మరిది చినబాబు చేతికే ఇస్తారు. వాణ్ణి నిలదీశాను. అంతా చెప్పేశాడు. "అన్నయ్య సిక్కిపోనాడు గదా వదినా. మళ్లీ మళ్లీ సూది పొడిసి నెత్తురు లాగేస్తంటే అమ్మ సూడనేకపోనాది. సీటీ అట్టుకొని నువ్వెల్లరా, ఇద్దరిదీ ఒక్క కడుపు నెత్తురే గదా అన్నాది. అన్నయ్య పేరు సెప్పి సెయ్యి సాపినాను. నేనే సంపేసినాను వదినా!"

కోపంతో ఒళ్లు మండిపోయింది. అత్తని జుట్టు పట్టుకుని అడగాలనిపించింది, నిజం చెబుతున్నాను. మంచంమీంచి ఈయన అంతా విన్నారు. నా చెయ్యి పట్టుకుని, "అమ్మకి సెప్పకే. గడ్డే తినేసిందని సెప్పు. నేను పోయినాక అది బతకాల" అన్నారు. చినబాబు చేత కూడా ఒట్టు వేయించుకున్నారు. నేనూ వేశాను. ఏడ్చుకుంటూ వేశాను.

రేపు ఇంటికి తీసుకుపోతున్నాం. అత్తకి ఇంకా చెప్పలేదు. ఇందాక కొబ్బరిబొండాం పట్టుకుని వచ్చింది.

"ఏటే, ఈ పొద్దు కరెంటు పెట్టనేదా?"

"నెత్తురు బాగులేదట అత్తా."

అత్త ముంజేతి కడియం పైకి జరుపుకుని, ఎముకలు తేలిన చెయ్యి నా ముందు చాపింది. "సినబాబుదీ పలసబడిపోనట్టున్నాది. ఈసారి నాది తియ్యమను. కన్నదాన్ని, నాకంటె దగ్గిర ఇంకెవులే?"

అలాగే అత్తా, అన్నాను.

నీ చెల్లెలు,
పద్మకుమారి