వెన్నుకు వేరే సిరంజి

2012 జూన్ 11
కొండలరావు ఇచ్చిన మాటకు ఇరవై రెండేళ్లు. తమ్ముడు శంకర్ పోయిన పదోనాడు మా ఇంట్లో కూర్చుని, నా చెయ్యి పట్టుకుని అన్నాడు. "నడుముల ఇచ్చే సిరంజి వేరే చేద్దాం విఠల్. నీ తమ్ముని మీద ఒట్టు." చనిపోయినవాడి మీద ఒట్టేస్తే, తప్పినా కొత్తగా పోయేదేమీ లేదు. ఆయనకు అది బాగా తెలుసు.

శంకర్‌ది హెర్నియా ఆపరేషన్. వెన్నులోకి ఇవ్వాల్సిన మత్తుమందు సెలైన్ గొట్టంలోకి ఎక్కించారు. గుండె ఆగింది. ట్రేలో రెండు సిరంజిలు, రెండింటికీ సూది బిగించే ముక్కు ఒకటే. ఏదైనా ఎక్కడైనా పడుతుంది. ఆ ముక్కుకు అచ్చు చెక్కింది నేను. కొండలరావు ఫ్యాక్టరీలో.

జూన్ 14
ఆయనే ఫోన్ చేశాడు. నేను రిటైరైన తొమ్మిదేళ్లలో మొదటిసారి. తుంటి కీలు అరిగిపోయిందట, మార్చాలట, అల్లుడే డాక్టరట. "నడుముల సూది ఇస్తరంట. నీ సిరంజి ముచ్చట ఉండె గద. ఇగ చెయ్, జల్దీ."
ఇరవై రెండేళ్లు ఎవరి వెన్నుకూ అక్కర్లేనిది తన వెన్నుకు నెల రోజుల్లో కావాలి.
ఒప్పుకున్నాను. ఎందుకో రాయను.

జూన్ 20
దూలపల్లి, ఫ్యాక్టరీ షెడ్డు. నా పాత బల్ల అక్కడే ఉంది, నా పాత కుర్చీ లేదు. ముక్కును లావు చేశాను. సెలైన్ గొట్టంలో దూరదు. దీనికి సరిపడే వెన్ను సూది కూడా వేరే. ఆలోచన ఇంతే. చిన్నపిల్లల ఆటబొమ్మల్లో ఉండే తెలివి... గుండ్రటి రంధ్రంలో చదరపు చెక్క పడదు.

జూన్ 29
మొదటి ఐదు వచ్చాయి. ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. ముక్కుకు బిరడా బిగించి కిటికీలో పెట్టాను. మధ్యాహ్నం చూస్తే లోపలి కడ్డీ రెండు గీతలు వెనక్కి జరిగి ఉంది. ఎండకు లోపలి గాలి వ్యాకోచిస్తుంది. బడి పాఠమే.

జూలై 3
పొద్దుటి నుంచీ ముసురు. గదిలో చలి. కడ్డీ మూడు గీతలు వెనక్కి.

జూలై 4
వేలితో నొక్కి దించాను. తిరిగి నొక్కింది. లోపల ఎవరో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నట్టు.
అరవై తొమ్మిదేళ్లు, రెండు బీరువాల పుస్తకాలు. దయ్యాలను నమ్మను. ఆ సిరంజిని కిటికీలోంచి తీసి పారేయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు.

జూలై 8
శామీర్‌పేట, కొండలరావు తోట ఇల్లు. మిగతా నాలుగూ అల్లుడికి ఇచ్చాను. సెలైన్ గొట్టంలో పెట్టి చూశాడు. ఒక్కటీ పట్టలేదు. మురిసిపోయాడు. ఇప్పటిదాకా ప్రతి సిరంజికీ మందు పేరు రాసిన చీటీ అంటించి, ఇద్దరు పైకి చదివేవారట. ఇక ఆ తతంగం అక్కర్లేదన్నాడు. మానొద్దన్నాను. నవ్వాడు. "పడనే పడదు గదా పెద్దాయనా, ఇగ చీటీలెందుకు?"
కొండలరావు వాలుకుర్చీలో, మోకాళ్ల మీద దుప్పటి. మెల్లగా అన్నాడు. "కాళ్లు నావి గానట్టున్నయ్ విఠల్. ఎవలియో తెచ్చి పెట్టినట్టున్నయ్."
శంకర్ ఆఖరి మాట అదే. నర్సు నాకొక్కడికే చెప్పింది, నేనెవరికీ చెప్పలేదు. వాడికి మందు వెన్నులోకి పోనే లేదు, కాళ్లెందుకు మొద్దుబారాయో ఇప్పటికీ తెలియదు.

జూలై 15
నలభై అచ్చు పోశారు. రేపు తనిఖీ, ప్యాకింగ్. వెళ్లలేను. కుడికాలు తిమ్మిరి, మడమ నుంచి మోకాలిదాకా.

జూలై 19
ప్యాకెట్లు మేడ్చల్‌లో అల్లుడి నర్సింగ్ హోమ్‌కు చేరాయి. ఆపరేషన్ 24న.

జూలై 22
రహీమా బీ వచ్చింది. ఫ్యాక్టరీ తనిఖీ బల్ల దగ్గర ముప్పై ఏళ్లుగా ఉన్న మనిషి. ఆమె ముద్ర పడనిదే ప్యాకెట్ గేటు దాటదు. టిఫిన్ డబ్బాలో సేమ్యా తెచ్చింది. ముఖం వెలిగిపోతోంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.
"సార్, మీ అచ్చు జర తప్పింది. ఒక్కటి గూడ గేజీల వడలే. నలభైకి నలభై రిజెక్టయితె మీ ఇజ్జత్ ఏమైతది? దినమంత కూసోని బ్లేడుతోని ముక్కులు గీకిన. ఇప్పుడు మస్తుగ పడ్తున్నయ్. ఎవ్వలకు చెప్పలే."
గేజీ అంటే మామూలు ముక్కు కొలతకు చేసిన ఇనుప గుంట. ఎవరు గీకమన్నారని అడిగాను.
"మీరే నేర్పితిరి గద. గేజీల వడనిది బయటికి పోవద్దని."
నేనే నేర్పాను. ఆమెకు ఇరవై ఏళ్లప్పుడు, ఆ బల్ల దగ్గరే నిలబడి, రెండుసార్లు తిట్టి మరీ నేర్పాను.
సేమ్యా బాగుందని చెప్పి పంపించాను.

జూలై 23
గీకిన ముక్కు నా వెన్ను సూదికి కాస్త వదులుగా పడుతుంది. సెలైన్ గొట్టంలోనూ పడుతుంది. అంటే మళ్లీ పాత సిరంజే. కాదు, అంతకన్నా చెడ్డది. పాతదానికి చీటీ ఉండేది, చదివే ఇద్దరుండేవారు. ఇప్పుడు చూసేవాడు లేడు. నమ్మకం ఉన్నచోట చూపు ఉండదు.

మధ్యాహ్నం ఫోన్ చేశాను. కొండలరావే ఎత్తాడు. నేను నోరు తెరిచేలోపే—
"శంకర్ వచ్చిండు విఠల్. పట్టపగలే. గేటు కాడ నిలవడ్డడు, లోపటికి రమ్మంటె రాడు. నువ్వు తోలిచ్చినవా?"
తిన్నారా అని అడిగాను. తిన్నానన్నాడు. పెట్టేశాను.

జూలై 24
ఏడున్నర. తొమ్మిదికి లోపలికి తీసుకెళతారు.

ఎనిమిది పది. చెప్పాల్సింది రెండు మాటలు. చీటీలు అంటించండి. అంతే. అల్లుడు తెలివైనవాడు, కారణం అడగకముందే అంటిస్తాడు. ఏమీ కాకపోవచ్చు కూడా. ఇన్నివేల ఆపరేషన్లలో ఎంతమందికి అవుతుంది... ఒకడికి. ఆ ఒకడు మా ఇంట్లో వాడు.

ఎనిమిదిన్నర. పుస్తకాల్లో మనిషికి ఇక్కడ కనువిప్పు కలుగుతుంది. చాలా చదివాను. నాకు కలగడం లేదు. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది, ఎవరో ఇల్లు ఖాళీ చేసి వెళ్లినట్టు.

ఎనిమిది నలభై. నంబరు నొక్కాను, చివరి అంకె తప్ప.
రహీమాను ఒక్క మాట అనను. డాక్టరునూ అనను. ఆనాడే వేరే సిరంజి చేసి ఉంటే ఆమె బల్ల మీద రెండు గేజీలుండేవి, నరానికొకటి, వెన్నుకొకటి. ఆమె చేతికి ఆ తేడా అలవాటై ఇరవై ఏళ్లయ్యేది. నేనీ పొద్దున ఇలా కూర్చునేవాణ్ణి కాదు. ఇవాళ ఏమైనా, ఏమీ కాకపోయినా, నేను నొక్కినా, నొక్కకపోయినా, దీనికంతా కారకుడు ఒక్కడే.
కొండలరావు.