రెండో అంతస్తు వేసినప్పటి నుంచి

ప్రియమైన వ్యాను మహారాణికి,

ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, పక్క మంచాలవాళ్ళు తిరిగి చూస్తారు. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. నువ్వూ అలాగే రాయి. బడి గేటు దగ్గర పిల్లల కోసం వ్యాన్లో కూర్చునే టైము ఉంటుందిగా.

ముందు అసలు సంగతి. బతికే ఉన్నాను. లిఫ్టు రిపేరు చేస్తుండగా కడుపులో కత్తి దిగినట్టయి కూలబడ్డాను. తోటి మెకానిక్కు ఆస్పత్రికి మోసుకొచ్చాడు. కడుపులో పుండు పడి చిల్లయిందట. కోసి కుట్టారు. భుజం నొప్పికని ఈమధ్య నేను మింగుతున్న మాత్రలే ఆ పని చేశాయని సర్జన్ చెప్పాడు. పెద్దాయన మంచివాడిలానే ఉన్నాడు.

మిగతాదంతా రోత. మత్తు దిగి కళ్ళు తెరిస్తే ఎదురుగా ఉన్నది నర్సు కాదు, బిల్లుల డెస్కు ఆవిడ. చేతిలో కార్డు గీకే మెషీను. నోరెండిపోయి నీళ్ళడిగితే, "ముందు ఇక్కడ సంతకం పెట్టండి" అంది. రోజూ పొద్దున్నే ఒక డాక్టరు గుమ్మం దగ్గరే నిలబడి "బాగున్నారా?" అని అడిగి వెళ్ళిపోతాడు. బిల్లులో అది "స్పెషలిస్టు సలహా". ఈ లెక్కన మన చుట్టాలందరూ ఈపాటికి కోటీశ్వరులై ఉండాలి.

నువ్వు కంగారుపడకు, ఇన్సూరెన్స్ కార్డు ఉంది. ఈ దేశంలో దిగిన నెల నుంచి దానికోసం నా జీతంలో కోత కోస్తూనే ఉన్నారు, ఇప్పుడు కట్టేది వాళ్ళే. అన్నయ్యకు మాత్రం ఏమీ చెప్పకు. రెండో అంతస్తు మీద కుర్చీ వేసుకుని కూర్చుని, "వద్దురా అంటే వెళ్ళాడు" అంటాడు. ఆ మాట వినే ఓపిక నాకు లేదు.

నీ,
చిల్లు కడుపు


ప్రియమైన చిల్లు కడుపు గారికి,

ఏడవకుండా రాయాలని ఒట్టేసుకుని కూర్చున్నాను. మీ ఉత్తరం రెండోసారి చదివేసరికి ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

ఏమండీ, మాత్రలు మెతుకుల్లా మింగితే చిల్లు పడక ఏమవుతుంది? భుజం నొప్పని నాతో ఒక్క ముక్క అన్నారా? మీరు వచ్చాక చెబుతాను మీ సంగతి.

అన్నట్టు, మీ ఇన్సూరెన్స్ వాళ్ళు నాకు ఫోన్ చేశారు. తెలుగమ్మాయే. ఎంత మర్యాదో! "అక్కా, బావగారికి ఏమీ కాదు, మీరు ధైర్యంగా ఉండండి" అంది. అప్పుడే బడి వదిలారు, పిల్లలంతా వ్యాన్ ఎక్కుతూ ఒకటే గోల. ఆ గోలలోనే అడిగినవన్నీ చెప్పాను. చివర్లో మొగుళ్ళ సంగతులు మాట్లాడుకుని ఇద్దరం నవ్వుకున్నాం కూడా. మీరు పడిపోయారని తెలిశాక నేను నవ్వింది అదొక్కసారే. అలాంటి మనుషులున్న చోట ఎంత కట్టినా బాధ లేదనిపించింది.

మీ అన్నయ్య, బావగారు, మీ గురించి అడిగితే జ్వరమని చెప్పాను. నమ్మినట్టు లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

వ్యాను బాగానే నడుస్తోంది. దాని అప్పు ఈ ఏడాదితో తీరిపోతుంది. ఆ తరవాత అది పూర్తిగా మనదే, అప్పుడు మిమ్మల్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పుతాను.

మీ,
వ్యాను మహారాణి


ప్రియమైన నీకు,

ఈరోజు బిరుదులు రాసే ఓపిక లేదు. ఇన్సూరెన్స్ వాళ్ళు ఒక్క పైసా కట్టేది లేదన్నారు. నాది పాత జబ్బట. వాళ్ళ దగ్గర చేరకముందే, అసలు ఈ దేశానికి రాకముందే ఉందట. దాచిపెట్టి చేరానట. ఎవరు చెప్పారయ్యా అని ఫోన్లో గట్టిగా అడిగితే, "మీ ఇంట్లోవాళ్ళే" అని పెట్టేశాడు ఒకడు.

ఆ కబురు ఆస్పత్రికి చేరిన పూటే నా మంచం మారింది. కిటికీ పక్క నుంచి తీసి వరండాలో పడేశారు, మాసిన దుప్పట్ల బండ్లు పెట్టే చోట. నిన్నటిదాకా నవ్వుతూ పలకరించిన నర్సులు ఇప్పుడు గోడతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. కట్టు మార్చమంటే, "డెస్కులో అడుగు". మార్చనే లేదు, నా వాసన నాకే కొడుతోంది. పాస్‌పోర్టు ఇమ్మంటే, "మా దగ్గర భద్రంగా ఉంది" అంది మెషీను ఆవిడ. బిల్లు కట్టేదాకా పంపరు. పంపకుండా ఉంచినందుకు మళ్ళీ రోజు రోజుకీ బిల్లు. నన్ను తాళం వేసి ఉంచిన గదికి నేనే అద్దె కట్టాలన్నమాట. ఛీ! కింద హాలు గోడ మీద పెద్ద బొమ్మ ఉంది, రెండు చేతులు ఒక గుండెకాయను పొదివి పట్టుకున్నట్టు.

ఇంట్లోవాళ్ళంటే ఎవరు? నువ్వు కాదు. అన్నయ్యే. కార్డు తీసుకునేటప్పుడు నీ నంబరుతో పాటు ఆయనదీ రాశాను, అదీ నా తెలివి. నేను బాగుపడటం ఆయనకి ఎప్పుడు నచ్చింది? నాన్న స్థలంలో రెండో అంతస్తు వేసుకునే ముందు నన్నొక్క మాట అడిగాడా? వెళ్ళి అడుగు. గట్టిగా అడుగు.

నీ,
వరండా మనిషి


ప్రియమైన మీకు,

అడిగాను. గట్టిగానే అడిగాను. మెట్ల మీద నిలబెట్టి బావగారిని కడిగిపారేశాను. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ముందు గొంతెత్తి ఎరగను. "తమ్ముడు ఆస్పత్రిలో పడి ఉంటే మీ కళ్ళు చల్లబడ్డాయా?" అన్నాను. తోడికోడలు తలుపు చాటు నుంచి బయటికి రాలేదు. తనకెవరూ ఫోన్ చేయలేదని బావగారు నెమ్మదిగా చెప్పారు. "ఎంత కట్టాలమ్మా?" అని అడిగారు. "మీకెందుకు?" అని దిగి వచ్చేశాను.

వ్యాను కొంటానని ఒకడు వచ్చాడు. టైర్లను కాలితో తన్ని చూశాడు. సీట్ల కింద పిల్లలు అంటించిన బబుల్‌గమ్ చూసి ముక్కు చిట్లించి, ధర తెగ్గోశాడు. నా అవసరం ముఖంలో కనపడుతోంది కాబోలు. వ్యాను పోతే నేను మళ్ళీ ఎవరి దగ్గరో జీతానికి డ్రైవరునే. పోనివ్వండి, మీరు ఆ వరండాలోంచి బయటపడితే నాకంతే చాలు.

కానీ ఒక్క పని చెయ్యండి. డబ్బు ఎందుకివ్వరో రాసిన కాగితం ఏదో ఉంటుంది కదా, అది తెప్పించుకోండి. అందులో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా నాకు రాయండి. బావగారి ముఖం చూశాక ఎక్కడో తేడా కొడుతోంది.

మీ,
ఇంకా వ్యానున్న మహారాణి


ప్రియమైన నీకు,

మన మెకానిక్కు ఇన్సూరెన్స్ వాళ్ళ ఆఫీసులో తగువు పెట్టుకుని కాగితం తెచ్చాడు. వాళ్ళ భాషలో ఉన్నదాన్ని తెలుగులో పెడుతున్నాను:

"రోగి భార్య తెలిపినది: రోగికి ఉదర భాగంలో మండుతున్నట్టి బాధ చాలాకాలంగా ఉన్నది. ఇది కుటుంబ గృహంపై రెండవ అంతస్తు నిర్మించిన నాటి నుండి మొదలైనది. విదేశానికి బయలుదేరే నాటికి తగ్గలేదు."

కింద వాళ్ళ డాక్టరు సంతకం. నా ముఖం ఎప్పుడూ చూడని డాక్టరు. "సిమెంటు దుమ్ము కారణం కావచ్చు" అని సొంత తెలివి కూడా కలిపాడు.

సిమెంటు దుమ్మేమిటి? ఆ మేడ కట్టినన్నాళ్ళూ నేను ఆ వీధి ఛాయలకే వెళ్ళలేదు. తలా తోకా తెలియడం లేదు. రోగి భార్య అంటే నువ్వేగా? ఏం చెప్పావు?

నీ,
వరండా మనిషి


ప్రియమైన మీకు,

అలా రాసే ముఖం కూడా లేదు నాకు. ఫోన్లో జరిగింది ఇదీ.

"బావగారికి ఇదివరకు కడుపు బాధ ఏమైనా ఉండేదా అక్కా?" అంది ఆ పిల్ల.

"అబ్బే, రాళ్ళు తిని అరిగించుకునే మనిషి" అన్నాను.

"అసలేమీ లేదా? పోనీ కొంచెం మంటలాంటిది?" అని లాగింది.

నా నోరు ఊరుకుంటుందా! "కడుపుమంటా? దానికేం లోటమ్మా! వాళ్ళన్నయ్య రెండో అంతస్తు వేసినప్పటి నుంచి ఒకటే కడుపుమంట. ఆ మంటతోనే విమానమెక్కారు" అన్నాను.

పకపకా నవ్వింది. తనూ ఏదో అంది, పిల్లల గోలలో నాకు వినపడలేదు. వినపడకపోయినా నేనూ నవ్వాను.

తల కొట్టేసినట్టుంది. కడుపుమంట అంటే ఏమిటో తెలియని తెలుగు మనిషి ఉంటుందా? తెలియకపోతే ఆ నవ్వెందుకు? నవ్విన నోరు నవ్వుతుండగానే, చెయ్యి దాన్ని రోగమని రాసేసింది. అక్కా అక్కా అంటూ నా నోట్లోంచి మాట తీసుకుని మీ మెడకు చుట్టింది. ఆ ఫోన్ చెవికి ఆనించాలంటేనే అసహ్యం వేస్తోంది.

మాటలు మొదలయ్యే ముందు "ఈ సంభాషణ రికార్డు చేయబడుతుంది" అని వినపడింది. దాన్ని మీ ముందు వినిపించమనండి. వదలకండి.

బావగారి దగ్గరికి వెళ్ళి కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. అంతా చెప్పాను, మీ మంట సంగతితో సహా. కళ్ళజోడు తీసి పక్కన మెట్టు మీద పెట్టారు. తరవాత, "వాడికి అంత మంటగా ఉందా అమ్మా?" అన్నారు. వ్యాను మనిషి శుక్రవారం డబ్బు తెస్తానన్నాడు.

మీ,
నోరు జారిన మనిషి


ప్రియమైన మహారాణికి,

ముందుగా, నీ మీద నాకు కోపం లేదు. నువ్వన్నదాంట్లో అబద్ధం ఏముంది కనక?

రికార్డు వినిపించారు. ఆస్పత్రి కింది అంతస్తులోనే ఇన్సూరెన్స్ వాళ్ళకొక గది ఉంది. చక్రాల కుర్చీలో తీసుకెళ్ళారు, కుర్చీకి వేరే బిల్లు. ఒక ఆఫీసరు, నా మాటలు వాళ్ళ భాషలోకి మార్చి చెప్పడానికి ఒక తెలుగు కుర్రాడు. మీట నొక్కగానే నీ గొంతు. ఇన్ని నెలల తరవాత నీ నవ్వు విన్నాను, అదీ వాళ్ళ మెషీన్లో. ఆ వెంటనే, నీకు వినపడని ఆ పిల్ల మాట:

"మా ఆయనా అంతే అక్కా! మా మరిది కారు కొన్నప్పటి నుంచి ఒకటే కడుపుమంట!"

"ఆపండి" అన్నాను. "ఈ అమ్మాయి మొగుడికి కూడా కడుపులో పుండుందని రాశారా? కారు పొగ కారణం కావచ్చని మీ డాక్టరు సంతకం పెట్టాడా?"

కుర్రాడు తల వంచుకుని నా మాటలు ఆఫీసరుకు చెప్పాడు. చీమ కుట్టినట్టైనా లేదు ఆయనకి. "సిబ్బంది సొంత కబుర్లు రోగి చరిత్రలోకి రావు" అన్నాడు. మరి ఇద్దరూ నవ్వారు కదా, అది హాస్యమని తెలియడం లేదా అన్నాను. "నవ్వు రాయడానికి మా ఫారంలో గడి లేదు" అన్నాడు. అంతే, నిర్ణయం మారదు. ఈ నెల జీతంలో కోత మాత్రం మామూలుగానే పడింది. కొత్త కార్డు కూడా ఇచ్చారు. కడుపు తప్ప నాలో మిగతా అంతటికీ వర్తిస్తుందట.

శనివారం మెషీను ఆవిడ వరండాకి వచ్చి, పాస్‌పోర్టు నా చేతిలో పెట్టి, పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. "మొత్తం కట్టేశారు" అంది. వ్యాను పోయిందనుకున్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నాను. సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఒరే, ఆ వ్యాను బేరగాణ్ణి నేనే పొమ్మన్నాను. రెండో అంతస్తు ఐదేళ్ళకి లీజుకిచ్చేసి, డబ్బు ముందే తీసుకుని పంపాను. ఇంక నాకూ ఆ అంతస్తు లేదు, నీకూ మంట ఉండకూడదు. సరేనా?"

కుట్లు లాగుతున్నా ఆపుకోలేక ఏడ్చాను. ఎన్ని మాటలన్నాను ఆయన్ని! మేడ మీది ఆ మంట ఆ పూటతో ఆరిపోయింది, ఇది నిజం. ఆయనకి నువ్వే చెప్పు.

బయటికొస్తూ ఆ గుండెకాయ బొమ్మ కింద ఉమ్మేద్దామనుకున్నాను. తుడిచినందుకు బిల్లు వేస్తారని మింగేశాను. ఇప్పుడు మా గదిలో ఉన్నాను. మెకానిక్కు గంజి కాస్తున్నాడు. మాత్రలు మానేశాను, పుండు మానుతోంది.

కానీ ఇంకోటి కొత్తగా మొదలైంది. గంజికీ తగ్గదు, మందుకీ తగ్గదు. మళ్ళీ ఎవరైనా తీయగా అక్కా అని ఫోన్ చేసి, మీ ఆయనకి కడుపుమంట ఉందా అని అడిగితే, ఉందనే చెప్పు. ఎప్పటి నుంచి అంటే, నవ్వుకి గడి లేదన్నప్పటి నుంచి అని రాసుకోమను.

నీ,
ఈసారి నిజంగానే కడుపు మండుతున్న మనిషి