సెఫాకోకి ఇనుము లేని కళ్ళెం

హా త్సొలో,
2019 మార్చి 11, సోమవారం.

నాకన్నా పెద్దదైన ఖవుహేలో అక్కకి,

పుసెలెత్సో వంగి నమస్కరించి రాస్తున్నది. కొండ మీద అందరం కులాసా. అక్కడ లెరిబేలో నువ్వూ, నీ కూతురి ఇంటివాళ్ళూ బాగున్నారని తలుస్తాను. నువ్వు చేతికర్ర లేకుండా నడుస్తున్నావని బస్సు డ్రైవరు చెప్పాడు. విని చాలా సంతోషించాను. నువ్వు వెళ్ళి పదహారు నెలలైంది. నేను రాయడం ఇదే మొదటిసారి. చింపకుండా చివరిదాకా చదువు.

ముందు అసలు కబురు. మన ఆస్పత్రి గుర్రం సెఫాకో బతికే ఉంది. మొన్న శుక్రవారం దాని మీదే నది దాటి, పై ఊళ్ళ రోగులకి మందులిచ్చి వచ్చాను.

ఆ నదిలోనే అది నిన్ను పడేసిన తర్వాత ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. కళ్ళెం చూస్తే చాలు, తల ఆకాశానికి ఎత్తేసేది. ఆస్పత్రి మందులు మోసేవాళ్ళు ఇంకో ఇద్దరు దాని మీద నుంచి పడ్డారు. జనవరిలో నర్సు మమెల్లో విసిగిపోయి మాంసానికి అమ్మేస్తానంది. కసాయివాడు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు కూడా. నేను అడ్డుపడి రెండు వారాలు గడువడిగాను.

“నోట్లో ఇనుము పెట్టనివ్వని గుర్రంతో ఏం చేస్తావే?” అంది నర్సు.

“ఇనుము లేకుండానే ఎక్కుతాను,” అన్నాను.

పాత జీను పట్టీలు కోసి కళ్ళెం కుట్టాను. నోట్లో ఏమీ ఉండదు. ముక్కు మీద ఒక పట్టీ, అది జారకుండా చెంపలకీ దవడ కిందా పట్టీలు, రెండు పక్కలా పగ్గాలు, అంతే. మొదటిసారి ముక్కు పట్టీ బాగా కిందికి కట్టాను. అది బుసలు కొట్టి తల విదిలించింది. ఎందుకో అర్థం కాక నా ముక్కు నేనే నొక్కి చూసుకున్నాను. పైన ఎముక, కింద మెత్తన. మెత్తటి చోట నొక్కితే ఊపిరాడదు. గుర్రానిదీ అంతే. చెంప ఎముక దిగిన చోటు నుంచి రెండు వేళ్ళు కిందికి కట్టాను, పట్టీ గట్టి ఎముక మీదే నిలిచింది. దవడ కింద పట్టీ కూడా రెండు వేళ్ళు సులువుగా దూరేంత వదులు పెట్టాను. కట్టాక గుప్పెడు గడ్డి పెట్టి చూశాను. హాయిగా నమిలితే సరిగ్గా ఉన్నట్టే.

ఆ తర్వాత చెంప పట్టీ కంట్లోకి జరగడం మొదలెట్టింది. చెవుల కింద నుదుటి పట్టీ బిగించాక ఆ బాధ పోయింది. నాలుగో రోజు ముక్కు మీద వెంట్రుకలు అరిగినట్టు కనిపించాయి. అక్కడ గొర్రె తోలు కుట్టాను. కసాయివాడు మళ్ళీ వచ్చి చూసి, “ఏం పుసెలెత్సో, గుర్రానికి పెళ్ళా? మొహానికి బొచ్చు కట్టావు,” అని నవ్వాడు. మధ్యాహ్నానికి నేను దాన్ని అతని ముందు నుంచే నడిపించుకుంటూ పోయాను. ఆపాలంటే పగ్గం ఒక్కసారి కొంచెం పట్టి వెంటనే వదలాలి. అలా పట్టుకుని కూర్చుంటే మొండికేస్తుంది. ఇప్పుడది కళ్ళెం చూసి తనే మొహం ముందుకి పెడుతోంది. ఇంకెవరికీ భయం లేదు, నాది పూచీ.

ఇంకో మాట. పై ఊళ్ళకి రెండో మనిషి కావాలి. నేను నీ పేరు చెప్పాను, నర్సు ఒప్పుకుంది. గుర్రం ఎక్కే చెయ్యి కాదు నాది అని నువ్వు అందరితో అంటున్నావట. ఆ మాట ఇక అనకు. ఈస్టరుకి ముందే రా.

నీ చెల్లెలు,
పుసెలెత్సో

తా.క.: పైనదంతా ఒక్క పూటలో రాశాను. ఈ నాలుగు ముక్కలకి మూడు రోజులు పట్టింది.

వరద చూసి జడిసి నువ్వు పగ్గం గట్టిగా లాగావు, అందుకే గుర్రం ముందుకాళ్ళు లేపింది అని ఊరంతా అనుకున్నారు. నువ్వూ అదే నమ్మావు. అది నిజం కాదు. ముందు రోజు నేను సరదాకి పందెం గుర్రాల కళ్ళెం ఒకటి అడిగి తెచ్చి, సెఫాకోని మైదానంలో పరిగెత్తించాను. ఆ ఇనుము దాని నాలుక కోసేసింది. నురగలో నెత్తురు చూశాను. ఉప్పునీళ్ళతో కడిగి, పొద్దున్నే నీ చేతికి అప్పగించి, నోరు మూసుకున్నాను. పుండు మీద నీ పాత కళ్ళెం ఎంత మెల్లగా తగిలినా అది లేచేదే. నువ్వు మంచాన పడ్డాకా చెప్పలేదు. వెళ్ళిపోతుంటే కూడా చెప్పలేదు.

శుక్రవారం తిరిగి రాగానే ఆస్పత్రిలో, వరసలో కూర్చున్న అందరి ముందూ చెప్పేశాను. నర్సు, “ముందు ఖవుహేలోకి రాయి. నీ సంగతి తర్వాత,” అంది. నన్ను ఉంచినా తీసేసినా నీ చోటు నీదేనని కూడా చెప్పింది.

నా మొహం చూడబుద్ధి కాకపోతే బస్సు డ్రైవరుతో చెప్పి పంపు. గుర్రాన్ని బస్సు ఆగే చోట కట్టి వెళ్ళిపోతాను. వచ్చినా రాకపోయినా ఒక్కటి నమ్మక్కా. ఆ రోజు నీ చేతుల్లో తప్పు లేదు.