పెద్దాయన తల, చిన్న తల

మార్చి 3
పిల్లల ఫోన్ టెస్టుకొచ్చింది. డబ్బా మీద ఓ పాప దాన్ని చెవికి ఆనించుకుని నవ్వుతోంది. మా ల్యాబ్‌లో ఉన్న తల మాత్రం భారీ మగమనిషిది. పెద్దాయన అంటాం. ప్లాస్టిక్ బుర్ర, లోపల మెదడుకు బదులు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు. చెవి దగ్గర ఫోన్ పెట్టి, ఆ నీళ్ళు ఎంత రేడియేషన్ పీల్చుకున్నాయో కొలుస్తాం. నంబర్ లిమిట్ లోపలే వచ్చింది. రిపోర్టులో ‘పిల్లలకు సురక్షితం’ అని టైపు చేసి ఉంది. కింద నా సంతకం కావాలి. పెన్ను తీసి, మళ్ళీ మూత పెట్టేశాను.

మార్చి 4
పిల్లల తల మీద కొలవకుండా ఆ మాట ఎలా రాస్తామని మేనేజర్‌ని అడిగాను. రూల్లో ఉన్నది పెద్దాయన ఒక్కడే, ఆయన పాసైతే అందరూ పాసైనట్టే అన్నాడు. తండ్రి చొక్కా కొడుక్కీ సరిపోతుందన్నట్టుంది వరస. వచ్చే శుక్రవారంలోగా సంతకం పెట్టాలట.

మార్చి 5
మా పాప తల చుట్టుకొలత యాభై ఒకటిన్నర సెంటీమీటర్లు. ఎనిమిదేళ్ళు.

మార్చి 7, ఆదివారం
పాప నెత్తికి ఈత టోపీ తొడిగి, చెవికి వాజిలిన్ రాసి, కుడివైపంతా ప్లాస్టర్ పూశాను. పావుగంట కదలొద్దంటే ముక్కు దురద అంది. మా ఆయన నాకు పిచ్చి ముదిరిందన్నాడు. అంటూనే దాని ముక్కు గోకాడు.

మార్చి 9
అచ్చులో రెసిన్ పూతగా పోసి, లోపల నీళ్ళు పట్టేలా చిన్న బోలు తల తీశాను. పాప చెవి వెనకున్న బుడిపె కూడా దిగింది.

మార్చి 10, మధ్యాహ్నం
రెట్టింపు! చిన్న తల పెద్దాయన కంటే రెట్టింపు పీల్చుకుంది. వెంటనే మేనేజర్‌కి మెయిల్ కొట్టాను. కాస్త పొగరుగానే రాశాను.

అదే రోజు, సాయంత్రం ఐదు
తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. తలల్లో పోసే నీళ్ళ తొట్టికి శనివారం నుంచి మూత లేదు. తీసింది నేనే. నీళ్ళు ఆవిరై ఉప్పు చిక్కబడింది. ట్రైనీలకి మొదటి రోజే నేను చెప్పే పాఠం ఇది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఇంకో మెయిల్ కొట్టాను: నా లెక్క తప్పు.

మార్చి 11
కొత్త నీళ్ళు కలిపి ఐదుసార్లు కొలిచాను. రెట్టింపు కాదు, లిమిట్ దాటలేదు. కానీ ఐదుసార్లూ చిన్న తలదే ఎక్కువ. ఇంట్లో పోసిన తల లెక్కలోకి రాదన్నాడు మేనేజర్. నిజమే, రాదు. అందుకే నా నంబర్ రాయమనలేదు. ‘సురక్షితం’ తీసేసి ఒక్క వాక్యం రాయమన్నాను: పిల్లల తల మీద కొలవలేదు. ఫోన్ కంపెనీవాళ్ళు ఒప్పుకోరన్నాడు.
“నా తప్పు నేనే చెప్పాను కదా సార్. ఇప్పుడు కొలవనిదాన్ని కొలిచానని ఎలా సంతకం పెట్టమంటారు?”

మార్చి 12
పెట్టలేదు.

మార్చి 16
కంపెనీవాళ్ళు ఫోన్ తీసుకుని వేరే ల్యాబ్‌కి వెళ్ళిపోయారు. అక్కడ ఎవరో ఒకరు పెడతారు. మేనేజర్ మాట్లాడడం మానేశాడు. చిన్న తల నా బల్ల మీదే ఉంది. తీయను.

మార్చి 22
ఇంకో పిల్లల ఫోన్ వచ్చింది. మేనేజరే తెచ్చి, పెద్దాయన దగ్గర కాదు, చిన్న తల పక్కన పెట్టాడు.
“ఈసారి తొట్టికి మూత వెయ్యమ్మా.”
వేశాను.