మునియమ్మ వంటింట్లో నా గొంతు

జూన్ 9, సోమవారం

మునియమ్మ పని పోయింది. నా వల్ల. ఇంకోలా రాయాలని పొద్దుట్నుంచి చూస్తున్నాను, కుదరడం లేదు.

బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో తను వంట చేసే ఇంట్లో చపాతీ పిండి కలుపుతోందట. మా ఆటోమేటిక్ కాల్ వచ్చింది. గట్టు మీద ఫోన్, స్పీకర్ ఆన్. "మీ టీబీ మాత్ర వేసుకున్నారా? వేసుకుంటే ఒకటి నొక్కండి..." హాల్లో ఉన్న ఇంటావిడ విన్నది. ఆవిడా తెలుగే. రేపట్నుంచి రావద్దంది.

ఆ గొంతు నాది. రికార్డింగ్‌కి వేరే మనిషి దొరక్క నేనే చదివాను. ఎంత స్పష్టంగా చదివావో అని ఆఫీసులో మెచ్చుకున్నారు కూడా.

జూన్ 10

మా ఆఫీసు గోడ మీద రంగు చీటీలు ఇంకా అలాగే ఉన్నాయి. మాత్రలు గుర్తుచేసే ఈ ప్రాజెక్టు మొదలైన రోజు అంటించినవి — రోగుల విషయంలో మేం కాపాడాల్సినవి. గౌరవం. గోప్యత. రెండోది నా చేతిరాతే.

మా టీంలోని కావేరి అప్పుడే అంది — "నెల రోజులు వాళ్లు పనిచేసే చోట కూర్చుందాం, చూద్దాం, డిజైన్ తర్వాత..." నేనే వద్దన్నాను. వారం వర్క్‌షాప్ చాలన్నాను. రోగుల్నే మా మహదేవపుర ఆఫీసుకి పిలిపించాం. ఏసీ గది, కుర్చీలు, టీ. చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టి కాల్ వినిపించాం. "బాగుండాదమ్మా" అన్నారు అందరూ. అనరా మరి! టీ చేతికిచ్చి అడిగితే బాలేదని ఎవరంటారు?

 

జూన్ 11

కాల్స్ ఆపించాను. అందరివీ.

జూన్ 13, శుక్రవారం

మునియమ్మ గదికి వెళ్లాను. కాఫీ ఇచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

జబ్బు ఇక ఎవరికీ అంటుకోదని డాక్టరు చెప్పిన మాట ఆ ఇంటావిడకి చెప్పిందట. "యా డాక్టరు చెప్తే ఏమప్పా... నేను తాగే లోటా కూడా బయట పారేసిందాయమ్మ." తను వంట చేసే మిగతా రెండిళ్లకీ పాకింది కబురు.

కాల్ మళ్లీ కొత్తగా చేస్తాం, ఈసారి నువ్వూ మాతో కూర్చుని చెప్పు అన్నాను. నవ్వింది. "ఇప్పుడు అడగతావా? చేతులు పిండిలో ఉంటాయి కదప్పా, స్పీకర్ ఎయ్యకుండా ఎట్ల మాట్లాడేది? ముందే అడిగింటే చెప్పేదాన్ని."

అంతే. ఒక్క పూట ఆ వంటింటి గడపలో నిలబడి ఉంటే తెలిసేది.

ఆ గొంతు నాదని చెప్పబోయాను. తనే అంది — "నీ గొంతని తెలిసే, ఒక్క దినమూ ఎత్తకుండా ఉండలే."

జూన్ 14

మాత్రలు మానొద్దని నిన్న మూడుసార్లు చెప్పాను. తలూపింది. ఆ తలూపడం నాకు నచ్చలేదు.

జూన్ 16

గదికి తాళం. పక్కింటామె — "ముళబాగిలు పక్క, వాళ్లక్క ఊరికి పోయింది." ఒక కవరు నా చేతిలో పెట్టింది. "ఆస్పత్రిలో వాపసు ఇచ్చేయమనింది."

మాత్రలు. మొత్తం నెలవి. సగం కోర్సు కూడా కాలేదు. ఇప్పుడు మానేస్తే తిరగబెడుతుంది, ఇంకా మొండిగా. దేవుడా.

జూన్ 17

ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది. వెనక గిన్నెల చప్పుడు... పిల్లలు... ఆడవాళ్లెవరో నవ్వుతున్నారు. అక్కడివాళ్లకి చెప్పిందో లేదో. స్పీకర్‌లో ఉందో ఏమో.

"ఎవరు?" అంటోంది. "ఎవరప్పా?"

మాత్రలు అనాలి.  "నేనే" అన్నాను.

స్పీకర్‌లోనే ఉంది. నా గొంతు అక్కడందరికీ వినబడింది; నవ్వులు, మాటలు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.